కబేళా నీటి పరీక్ష: నమూనా తీసే వేళ, పలుచన చేసే పాళ్లు

కబేళా నుంచి పారే వ్యర్థజలం నాణ్యతను, అందులోని బ్యాక్టీరియాను ఎలా పరీక్షించాలని అడిగారు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టు కోసం ఒక పట్టణ కబేళా కాలువ నీటిపై నాలుగు నెలలు పనిచేశాను కాబట్టి, నేను తప్పిన చోట్లే ముందుగా చెబుతాను.

మొదటి రోజు తొమ్మిది గంటలకు వెళ్లాను. వధ తెల్లవారుజామునే ముగిసి, అప్పటికి నేల కడిగిన నీళ్లే పారుతున్నందువల్ల నా సీసాలోకి దాదాపు తేటనీరు వచ్చింది. తరువాత నాలుగింటికే వెళ్లి, నెత్తురు, పేగుల్లోని పేడ కలిసి పారే వేళ నుంచి కడుగుడు పూర్తయ్యేదాకా అరగంటకొకసారి తీసిన నీటిని కలిపి ఒక నమూనాగా చేసుకున్నాను. బ్యాక్టీరియా పరీక్షకు మాత్రం అలా కలపకుండా, స్టెరిలైజ్ చేసిన సీసాలో విడిగా తీసి, ఐసుపెట్టెలో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. (ఆ ఐసుపెట్టెను మా ఇంట్లో మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు.) కొవ్వు ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది కనుక నూనె, గ్రీజు పరీక్షకు గాజుసీసా వాడాలి.

బీఓడీని (నీటిలోని మురికిని కుళ్లబెట్టేందుకు సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ మోతాదును) మన దేశంలో 27 డిగ్రీల వద్ద మూడు రోజులకు చూస్తారు. నేను 300 మిల్లీలీటర్ల సీసాలో 5 మిల్లీలీటర్ల నమూనా వేసి, మిగతాది పలుచన చేసే నీటితో నింపాను. మూడో రోజు, మిగిలిన ఆక్సిజన్‌ను పట్టి చూపే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ వేస్తే గోధుమరంగులో దిగవలసిన మడ్డి తెల్లగా దిగింది. అంటే సీసాలో ఆక్సిజన్ బొత్తిగా మిగల్లేదు. లీటరుకు కనీసం 2 మిల్లీగ్రాములు ఖర్చయి, 1 మిల్లీగ్రామైనా మిగిలితేనే ఆ ఫలితం లెక్కకు వస్తుంది. చివరికి నమూనాను బాగా కుదిపి, పదింతలు పలుచన చేసి, అందులోంచి 5 మిల్లీలీటర్లు తీసుకుంటే అంకె కుదిరింది.

ఎంపీఎన్‌లోనూ (గ్యాస్ వచ్చిన గొట్టాలను లెక్కపెట్టి, పట్టిక చూసి బ్యాక్టీరియా సంఖ్యను అంచనా వేసే పద్ధతి) ఇదే తంతు. తాగునీటికి వాడినట్టు 10, 1, 0.1 మిల్లీలీటర్లు వేస్తే పదిహేను గొట్టాల్లోనూ గ్యాస్ వచ్చింది, పట్టికలో "1600 కన్నా ఎక్కువ" అని తప్ప మరేమీ దొరకలేదు. పది లక్షల వంతు దాకా పలుచన చేసి, లారిల్ ట్రిప్టోజ్ బ్రాత్ అనే పోషక ద్రవంలో 35 డిగ్రీల వద్ద 48 గంటలు ఉంచి, గ్యాస్ వచ్చిన గొట్టాల నుంచి ఈసీ బ్రాత్ అనే మరో పోషక ద్రవంలోకి మార్చి 44.5 డిగ్రీల వద్ద చూస్తే మల కోలిఫారాల (పేగుల్లో ఉండే, మలంతో నీటిలోకి చేరే బ్యాక్టీరియా) సంఖ్య తేలుతుంది.

శుద్ధి చేసి వదిలే నీటిలో నాకు ఒకసారి కోలిఫారాలు సున్నా వచ్చాయి. సంబరంగా మా గైడ్ గారికి చూపిస్తే, అక్కడ క్లోరిన్ కలుపుతారు కదా, అది సీసాలోనూ బ్యాక్టీరియాను చంపుతూ ఉంటుంది, దాన్ని విరిచే సోడియం థయోసల్ఫేట్ సీసాలో ముందే వేశావా అని అడిగారు. వేయలేదు.