కాలువ గట్టున పారా గడ్డి వద్దు, నేపియర్ పెట్టుకోండి

అన్నా, ఆత్మకూరు దగ్గర మీ పొలంలో, చెరువు కాలువ గట్టున గేదెల మేతకు పారా గడ్డి పెట్టాలా, గినీ గడ్డి పెట్టాలా, అవి చిల్లకంపలా (సర్కారు తుమ్మలా) ఊరంతా పాకుతాయా అని అడిగారు. ఆ భయం సబబే. చిల్లకంప కూడా మంచికని బయటి నుంచి తెచ్చిందే.

ముందు చూడాల్సింది, ఆ గడ్డి వేరే చోట్ల ఏం చేసిందని. కొత్త మొక్కను దేశంలోకి రానిచ్చే ముందు ఆస్ట్రేలియా వాళ్లు వేసుకునే 49 ప్రశ్నల్లో ఇదీ ఉంటుంది. పారా అక్కడి చిత్తడి నేలల్ని ఆక్రమించింది. దాని కాడ ఒకటి పట్టి చూడండి, నేలకు ఆనిన కణుపుల దగ్గర వేర్లు కనిపిస్తాయి. కోసేటప్పుడు ఒక ముక్క కాలువలో పడితే చాలు, కొట్టుకుపోయి కింద ఎక్కడో నాటుకుంటుంది. తూము పూడితే ఆయకట్టు రైతులంతా మీ మీదకే వస్తారు. గట్టున పారా వద్దే వద్దు.

గినీతో ప్రమాదం విత్తనం వల్ల. కంకిలో గింజలన్నీ ఒకేసారి పండవు, పండినవి పండినట్టే రాలిపోతాయి. తోటల నీడలోనూ పెరుగుతుంది. పూత రాకముందే కోస్తాననుకుంటేనే, అదీ కాలువకు దూరంగా వేసుకోండి. నాట్ల టెన్షన్‌లో ఒక కోత తప్పినా గింజ రాలుతుంది.

నన్నడిగితే సిఓ-4 రకం లాంటి హైబ్రిడ్ నేపియర్ గడ్డి మేలు. సజ్జకూ నేపియర్‌కూ సంకరం కాబట్టి మొలకెత్తే గింజ కట్టదు, కణుపు ముక్కలతోనో పిలకలతోనో నాటాలి. మొదటి కోత తర్వాత దాదాపు 45 రోజులకోసారి కోయొచ్చు. పీకేసిన దుబ్బులు మాత్రం కాలువలో పారేయకండి, గట్టు మీద పూర్తిగా ఎండనివ్వండి.