మూడేళ్ల డిగ్రీయా, నాలుగేళ్ల ఆనర్సా?

అన్నా, మీ పాపను కర్నూలులో బీఎస్సీలో చేర్చారు, ఆనర్స్‌కు వెళ్లాలా, మూడేళ్లతో ఆపాలా అని అడిగారు కదా. ఫస్టియర్‌లోనే అంత టెన్షన్ ఎందుకు?

యూజీసీ (విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) 2022 డిసెంబరులో ఇచ్చిన విధానం ప్రకారం 120 క్రెడిట్లు, అంటే సబ్జెక్టులు పాసైతే వచ్చే పాయింట్లు, పూర్తయితే మూడేళ్లకే డిగ్రీ పట్టా ఇచ్చేస్తారు. ఇంకో ఏడాది చదివి 160 చేస్తే ఆనర్స్. అందులోనే రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. అంటే అసలు నిర్ణయం మూడో ఏడాదిలో. కానీ మార్కులు మాత్రం ఇప్పటి నుంచే లెక్క! ఫస్ట్ సెమిస్టర్‌ను తేలిగ్గా తీసుకుని తర్వాత పరుగులు పెట్టిన పిల్లల్ని చాలామందిని చూశాను.

గ్రూప్స్, బ్యాంకు, బీఈడీ అనుకుంటే మూడేళ్లు చాలు. ఎమ్మెస్సీ చదివించాలనుకుంటే ఆనర్స్ తర్వాత ఒక్క ఏడాది పీజీ చేయొచ్చు, ఎటు చూసినా ఐదేళ్లే. పీహెచ్‌డీ మీద ఆశ ఉంటేనే రీసెర్చ్ దారి.

ఒక్కటి మాత్రం ఇప్పుడే కనుక్కోండి: నాలుగో ఏడాది ఆ కాలేజీలోనే ఉందా, ల్యాబు, గైడు ఉన్నారా? లేకపోతే అనంతపురం ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం) లాంటి చోటు చూసుకోవాల్సి వస్తుంది, హాస్టల్ ఖర్చు అదనం.