ల్యాప్‌టాప్‌లో 4060, డెస్క్‌టాప్‌లో 4060 రెండూ ఒకటేనా?

ప్రశ్న: మాది జమ్మికుంట. బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరుతున్నాను, ఉండేది హన్మకొండ హాస్టల్‌లో. ల్యాప్‌టాప్ అయినా డెస్క్‌టాప్ అయినా ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఒకటేనని షాపులో అంటున్నారు. నిజమేనా? ఏది కొనాలి?

తమ్ముడూ, నేను హన్మకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. షాపులో డెస్క్‌టాప్, ఫంక్షన్ హాల్‌కు పోయినప్పుడు ల్యాప్‌టాప్. రెండింటిలోనూ 4060యే. ఒకే వీడియోను రెండింటిలో ఎక్స్‌పోర్ట్ పెడితే డెస్క్‌టాప్ ముందుగా ముగిస్తుంది. షాపువాళ్లు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పారు.

రెండింటిలోనూ 3072 క్యూడా కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 8 జీబీ వీరామ్ (గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ) ఉంటాయి. తేడా వచ్చేది కరెంటు దగ్గర. డెస్క్‌టాప్ 4060 కార్డు 115 వాట్ల వరకు తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ 4060కి మాత్రం 35 నుంచి 115 వాట్ల మధ్యలో ఎంత ఇవ్వాలో ఆ ల్యాప్‌టాప్ చేసిన కంపెనీ ఇష్టం. సన్నటి ల్యాప్‌టాప్‌లో వేడి బయటికి పోయే చోటు తక్కువ కాబట్టి వాట్లు కూడా తక్కువే పెడతారు. అందుకే 45 వాట్ల 4060 కన్నా పూర్తి వాట్లున్న కింది మోడల్ 4050 బాగా పనిచేసిన సందర్భాలుంటాయి. స్టిక్కర్ మీద ఈ సంగతి ఉండదు. షాపులో డెమో పీస్ మీద ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, హెల్ప్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కు. మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక లైను కనిపిస్తుంది. నేను ఎవరితో కొనడానికి పోయినా ముందు చూసేది అదే.

4060 కన్నా పెద్ద నంబర్లకు పోతే పేరు తప్ప చాలావరకు వేరే సరుకే. డెస్క్‌టాప్ 4070లో 5888 కోర్లు, 12 జీబీ. ల్యాప్‌టాప్ 4070లో 4608 కోర్లు, 8 జీబీ. 4090 అయితే డెస్క్‌టాప్‌లో 24 జీబీ, ల్యాప్‌టాప్‌లో 16 జీబీ. ఇంత తేడా పెట్టుకుని ఒకే పేరుతో అమ్మడం నాకు అస్సలు నచ్చదు.

ఇంకో సంగతి. "ఇందులో 16 జీబీ గ్రాఫిక్స్ ఉంది" అని ఎవరైనా అంటే టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో జీపీయూ (అంటే గ్రాఫిక్స్ చిప్) మీద నొక్కు. డెడికేటెడ్ అని ఉన్నదే అసలు వీరామ్. షేర్డ్ అని ఉన్నది నీ మామూలు ర్యామ్‌లోంచి అవసరమైతే వాడుకునేది, సాధారణంగా ర్యామ్‌లో సగం చూపిస్తుంది. 16 జీబీ ర్యామ్, 8 జీబీ వీరామ్ ఉన్న మెషీన్‌లో ఈ రెండూ కలిపి దాదాపు 16 అని కనిపిస్తుంది. దాన్నే చదివి చెప్తుంటారు.

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే పని నడవదా అంటే, కాలేజీలో రాసే సీ, జావా, పైథాన్‌కు ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ చాలు. అది ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఒక్క ర్యామ్ స్టిక్ కన్నా రెండు స్టిక్కులుంటే మేలు. ఇంటెల్ ప్రాసెసర్లలో వచ్చే ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ అయితే ఒక్క స్టిక్‌తో తన పేరు కూడా చూపించదు, యూహెచ్‌డీ అని వస్తుంది. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే మొదట్లో ఆన్‌లైన్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా దొరికే జీపీయూతో చాలావరకు పని జరిగిపోతుంది.

డెస్క్‌టాప్ వైపు మొగ్గితే ఒక జాగ్రత్త. హసన్‌పర్తి నుంచి ఒక పిల్లవాడు కొత్త కార్డు వేయించుకున్నా గేమ్ ఆగి ఆగి నడుస్తోందని సీపీయూ మోసుకొచ్చాడు. బాగా టెన్షన్ పడుతున్నాడు. వెనక చూస్తే హెచ్‌డీఎంఐ వైరు పైన, యూఎస్‌బీ పోర్టుల పక్కన, మదర్‌బోర్డుకు పెట్టి ఉంది. కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టుకు మార్చాం, అంతే, గేమ్ సాఫీగా నడిచింది. కొత్త కార్డు కొనేటప్పుడు ఎస్ఎంపీఎస్ (సీపీయూ డబ్బాలో కరెంటు సరఫరా చేసే పెట్టె) కూడా చూడు. కార్డు గుచ్చే మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చేది 75 వాట్లే, అంతకు మించితే ఎస్ఎంపీఎస్ నుంచి కార్డుకు సరిపడే పవర్ వైరు ఉండాలి.

నువ్వు హాస్టల్‌లో ఉంటావు, వారం వారం జమ్మికుంటకు రైలెక్కుతావు కాబట్టి ల్యాప్‌టాప్ తీసుకో. గేమ్స్, వీడియో ఎడిటింగ్ ఉంటేనే 4060 తీసుకో. అదీ 100 వాట్లకు తగ్గకుండా, కాస్త మందంగా ఉన్నా సరే. అందులో జీపీయూ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత మార్చడం కుదరదు. మన మే నెల ఎండల్లో దాన్ని పరుపు మీద పెట్టి గేమ్ ఆడకు. కింది గాలి రంధ్రాలు మూసుకుపోతే వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. చార్జర్ తీసేసినా అంతే, బ్యాటరీ మీద పూర్తి వాట్లు రావు.

షాపులో మోడల్ నంబర్ చివరి అక్షరం వరకు రాసుకుని ఇక్కడ పెట్టు. వాట్లు ఎన్నో, ర్యామ్ ఎన్ని స్టిక్కులో చూసి చెప్తాను.