జపాన్‌లో శాకాహారులు సోబా తినవచ్చా?

చేపలు కూడా ముట్టని శాకాహారులు టోక్యోలో సోబా, అంటే బక్‌వీట్ పిండితో చేసే నూడుల్స్, తినవచ్చా అని మీరు అడిగారు. నూడుల్స్ వరకు సాధారణంగా ఏ అభ్యంతరమూ ఉండదు. చిక్కంతా వాటిని ముంచుకుని తినే ‘త్సుయు’తోనే వస్తుంది. సోయా సాస్, మిరిన్ (వంటలో వాడే తియ్యని బియ్యపు మద్యం), చక్కెర కలిపి కాచే ఈ చారుకు మూలం ‘దాషి’. దానిని ఎక్కువగా కత్సువో చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి తీసిన తురుముతో కాస్తారు. అందువల్ల కూరగాయల తెంపురా (పిండిలో ముంచి వేయించినవి) వేసిన సోబాలో కూడా, పైకి చేప ముక్క ఒక్కటీ కనిపించకపోయినా, చేప రసం ఉంటుంది.

నేను అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో గమనించినదేమిటంటే, ‘ఇందులో చేప ఉందా’ అని అడిగితే చాలామంది ముక్కల గురించే అనుకుని లేదని చెబుతారు. ‘దాషిలో కత్సువోబుషి (ఆ ఎండు చేప తురుము) ఉందా’ అని అడిగినప్పుడే సరైన జవాబు వస్తుంది. రైల్వే స్టేషన్లలో నిలబడి తినే దుకాణాల్లో చారు ముందే కలిపి ఉంచుతారు కనుక వాటిని వదిలేయడమే మేలు. పిండిని తామే కలిపి కోసే మంచి దుకాణాల్లో మాత్రం వెదురు తట్టలో చల్లగా వడ్డించే ‘జారు సోబా’ తెప్పించుకుని, త్సుయు పక్కనపెట్టి, ఉప్పు, వసాబి అడిగి తినేవాణ్ని. నా దృష్టిలో ఆ పిండి కమ్మదనం అలాగే బాగా తెలుస్తుంది.

ఉత్తరాదిన ఉపవాసాలకు వాడే కుట్టు పిండి, ఈ బక్‌వీట్ పిండి ఒకటే. ఇందులో గ్లూటెన్ లేదు, కాబట్టే పోగులు తెగిపోకుండా తరచుగా ఎనిమిది పాళ్ల బక్‌వీట్‌కు రెండు పాళ్ల గోధుమపిండి కలుపుతారు. గోధుమ పడనివారు పూర్తిగా బక్‌వీట్‌తోనే చేసే ‘జువారి’ అడగాలి. అయితే గోధుమ నూడుల్స్ అయిన ఉదోన్ ఉడికిన నీళ్లలోనే దానినీ ఉడికించే దుకాణాలున్నాయని గుర్తుంచుకోవాలి. బక్‌వీట్ అలర్జీ కొందరికి ప్రాణాంతకం కూడా కావచ్చు కనుక, ప్యాకెట్ ఆహారాలపై దాని పేరు ముద్రించడాన్ని జపాన్ తప్పనిసరి చేసింది.

ఇంట్లో అయితే ఏ ఇబ్బందీ లేదు. కొంబు అనే సముద్రపు నాచును, ఎండు షీతాకె పుట్టగొడుగులను రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, ఆ నీటిలో సోయా సాస్, మిరిన్, కొద్దిగా చక్కెర వేసి ఒక్క పొంగు రానివ్వండి. ఎండు సోబాను పెద్ద గిన్నెలో ఉడికించి, చన్నీళ్ల కింద చేత్తో రుద్ది జిగురు పోయేలా కడగండి, కడగకపోతే ముద్దకడుతుంది. ఉడికించిన నీటిని పారబోయకుండా, చివర మిగిలిన త్సుయులో పోసుకుంటే గంజిలా వెచ్చగా తాగవచ్చు.