కోకో లేకపోయినా చాక్లెట్టేనా?
(సందేహాలు – సమాధానాలు)

సందేహం: మాది గుంటూరు, అరండల్‌పేట. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా చిన్ననాటి కబుర్లు మా మనవడి కోసం ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. బడి పక్క కొట్లో కొనుక్కున్న చాక్లెట్ల గురించి రాస్తే, ఏడో తరగతి చదివే మా వాడు “కోకో లేనిది చాక్లెట్ ఎలా అవుతుంది అమ్మమ్మా, క్యాండీ అనాలి” అని దిద్దాడు. నిమ్మతొనల్ని, ఆరెంజి బిళ్ళల్ని చాక్లెట్లనడం తప్పా? పోనీ పిప్పరమెంటు అచ్చ తెలుగేనా? జీళ్ళకూ జీడిపప్పుకూ ఏమన్నా చుట్టరికం ఉందా? కాకి ఎంగిలి అని రాయాలా, కాకెంగిలి అనా?

సమాధానం: అమ్మా, చాక్లెట్ అని రాసింది అలాగే ఉంచండి. మీ మనవడు చెప్పింది ఇంగ్లీషు వరకు నిజం. ఆ మాట మెక్సికో ప్రాంతపు ఆదివాసుల భాషలో పుట్టి, స్పానిష్ మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. అక్కడ కోకో లేకుండా చాక్లెట్ లేదు. తెలుగులో మాత్రం కాగితం చుట్టి అమ్మే చిన్న తీపి ముక్క ఏదైనా చాక్లెట్టే. విజయవాడ వన్‌టౌన్‌లో ఏ కిరాణా కొట్టుకెళ్ళి “ఐదు రూపాయలకి చాక్లెట్లివ్వండి” అన్నా కొట్టతను కోకో గురించి ఆలోచించడు, సీసా మూత తీసి చేతికొచ్చినవి ఇస్తాడు. చిల్లర లేనప్పుడు చేతిలో పెట్టేదీ చాక్లెట్టే. చిత్తూరులో మొదలైన న్యూట్రిన్ వారి మహాలాక్టోని మన జిల్లాల పిల్లలు చాక్లెట్ అనే అడిగారు, ఇంకో పేరు వాళ్ళకు తట్టలేదు.

మాట అర్థం ఇలా పెరగడం మన భాషలో కొత్తేమీ కాదు. నూనె అనే మాటనే తీసుకోండి. నువ్వుల నుంచి తీసిన నెయ్యి గనక అది నూనె అయింది. సంస్కృతంలో తిలల నుంచి తైలం వచ్చిన దారి కూడా ఇదే. ఆ లెక్కన నువ్వుల నూనె అంటే నువ్వుల మాట రెండుసార్లు అన్నట్టు, కొబ్బరి నూనె అంటే అసలు పొసగనట్టు. అయినా కొబ్బరి నూనె అన్నవాళ్ళను ఎవరూ దిద్దరు. దీన్ని అర్థవ్యాప్తి అంటారు. మాటకు అర్థం అది పుట్టిన చోట రాసిపెట్టి ఉండదు, వాడేవాళ్ళ దగ్గర ఉంటుంది. ఈ సంగతి మీ వాడికి నూనె ఉదాహరణతో చెప్పండి, ఏడో తరగతి పిల్లవాడికి బాగా అర్థమవుతుంది. కోకో మీద వాడికి అంత ఆసక్తి ఉంటే సెలవుల్లో ఏలూరు వైపు తీసుకెళ్ళండి. అక్కడి కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో వేస్తారు, చెట్టు మొదలుకే కాయలు వేలాడుతుంటాయి.

ఇక పిప్పరమెంటు. ఇది అచ్చ తెలుగు కాదు, ఇంగ్లీషు పెప్పర్‌మింట్. కానీ మన నోట్లో ఎంత చక్కగా ఒదిగిందో గమనించారా! పె, మిం అనే చోట్ల పి, మెం వచ్చి ఎకార ఇకారాలు ఒకదాని స్థానంలో ఒకటి కూర్చున్నాయి. రకారానికీ మకారానికీ మధ్య అకారం చేరి పలకడం సులువైంది. కారు, బస్సు, రోడ్డు లాగే చివర ఉకారం వచ్చింది. ఇన్ని మార్పులు జరిగిన మాటను ఇప్పుడు ‘పెప్పర్‌మింట్’ అని వెనక్కి దిద్ది రాస్తే అది మీ చిన్ననాటి మాట అనిపించుకోదు. ఇంకో విశేషం చెబుతాను. ఇంగ్లీషు పెప్పర్‌కు మూలం మన పిప్పలి. పసిపిల్లల దగ్గుకు తేనెలో రంగరించి నాకించే పిప్పళ్ళే. ఆ మాట గ్రీకుకు, లాటిన్‌కు వెళ్ళి, ఇంగ్లీషులో పెప్పర్ అయి, పుదీనా జాతి మొక్క పేరులో చేరి, చివరికి తీపి బిళ్ళగా మన బడి పక్క కొట్టుకు వచ్చింది. తెలియకుండానే మనవాళ్ళు దాని మొదటి అచ్చును మళ్ళీ ‘పి’ చేశారు. నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా సంతోషమే.

బిళ్ళ గురించి మీరు అడగలేదు కానీ, ఆ మాటను వదిలి ముందుకు పోలేను. బిళ్ళ అంటే గుండ్రంగా ఉండేది అని చాలామంది అనుకుంటారు. రూపాయి బిళ్ళ, జడబిళ్ళ, మాత్ర బిళ్ళ గుండ్రమే. మరి పిప్పరమెంట్లు కొనుక్కున్న ఆ పాత ఐదు పైసల బిళ్ళ? అది నలుచదరం, మూలలు కాస్త నునుపు దేరి ఉండేవి. సబ్బు బిళ్ళా గుండ్రం కాదు, తొక్కుడు బిళ్ళ ఆటకు ఏరుకొచ్చే పెంకు ముక్క అసలే కాదు. చేతిలో ఇమిడేంత చిన్నదై, బల్లపరుపుగా ఉంటే చాలు, బిళ్ళే. అందుకే నిమ్మతొనను ఎవరూ నిమ్మబిళ్ళ అనలేదు. నిమ్మపండు ఒలిస్తే వచ్చే తొన ఎలా వంకీ తిరిగి ఉంటుందో అలాగే చేసి, పైన పంచదార అద్దేవారు. పేరు వింటేనే ఆకారం తెలిసేది. చాక్లెట్ అనే ఒక్క మాట ఈ పేర్లన్నిటి మీదా పరుచుకున్నందుకు నాకు బాధ ఉంది. అది తప్పు మాటని కాదు, తొన, బిళ్ళ, ఉండ, అచ్చు అని పిల్లలు వేరుచేసి పలకడం తగ్గిపోయిందని.

జీళ్ళకు వద్దాం. ఏకవచనం జీడి. గుడి గుళ్ళు, బడి బళ్ళు అయినట్టే జీడి జీళ్ళు అవుతుంది. ‘జీడిలు’ అని రాయకండి. జీళ్ళలో జీడిపప్పు ఉండదు, బెల్లం పాకం, నువ్వులు ఉంటాయి. కోటప్పకొండ తిరునాళ్ళలాంటి చోట జీళ్ళు చేస్తుంటే చూసే ఉంటారు. ముదురు పాకాన్ని నూనె రాసిన బండ మీద పోసి, చెయ్యి పట్టేంత వేడికి వచ్చాక ముద్దగా చేస్తారు. గుంజకు కొట్టిన మేకుకు తగిలించి రెండు చేతులా లాగుతారు, మడిచి మళ్ళీ తగిలిస్తారు, మళ్ళీ లాగుతారు. లాగేకొద్దీ పాకంలో గాలి చేరి, ముదురు రంగు పోయి పసుపు కలిసిన తెలుపు తేలుతుంది. అప్పుడు తాళ్ళలా సాగదీసి ముక్కలు కోసి నువ్వుల్లో దొర్లిస్తారు. అసలు జీడి అంటే నల్లజీడి చెట్టు. దాని గింజ రసం నల్లగా, జిగటగా ఉంటుంది, ఒంటికి తగిలితే పొక్కుతుంది. ఒకప్పుడు చాకలివాళ్ళు బట్టలకు గుర్తులు పెట్టింది దానితోనే. పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు గింజ పెంకులోనూ అలా పొక్కించే రసమే ఉండటం చూసి మనవాళ్ళు దాన్ని జీడిమామిడి అన్నారు, లోపలి పప్పు జీడిపప్పు అయింది. తినే జీడికి ఆ పేరు జిగట వల్లే వచ్చిందని నా అభిప్రాయం. టీవీ సీరియల్ జీడిపాకంలా సాగుతోందని విసుక్కునేవాళ్ళు ఈ జీడినే తలుచుకుంటున్నారు.

మీ నోటుబుక్కుకు ఒక సూచన. అన్నిటికీ ‘తిన్నాం’ అని రాయకండి. పిప్పరమెంటును చప్పరిస్తాం, జీడిని నములుతాం, వేరుశనగ అచ్చును కొరుకుతాం, పీచుమిఠాయికి ఆ పని కూడా లేదు, నాలుక మీద పెట్టగానే కరిగిపోతుంది. ఈ క్రియలు సరిగ్గా పడితే ఏది మెత్తన, ఏది గట్టి అని వేరే చెప్పక్కర్లేదు.

చివరి సందేహం: కాకెంగిలి అనే రాయండి. కాకి చివరి ఇకారం జారిపోయి ఎంగిలితో కలిసింది. మాట్లాడేటప్పుడు ఎవరూ విడదీసి అనరు. ఉన్న ఒక్క బిళ్ళను చొక్కా అంచులో చుట్టి, గుడ్డ మీద నుంచే పటుక్కున కొరికి, సగం స్నేహితురాలికి ఇస్తే అది ఎంగిలి కాదు, కాకెంగిలి. మాట ఒక్కటే రాసి వదిలేస్తే మీ మనవడికి కాకి ఎంగిలి చేసిన పండు గుర్తొస్తుంది. కాబట్టి గుడ్డలో చుట్టడం, కొరకడం, పంచుకోవడం మూడూ రాయండి. చొక్కా మీద మిగిలే ఆ తడి రంగు మరక, దానికి ఇంట్లో పడ్డ చీవాట్లు కూడా రాస్తే మరీ మంచిది.