ముల్లు 29 మీద ఆగితే పని అయిపోలేదు

అల్లుడూ,

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఏసీ షాపు తీస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. వెంటనే గుబులూ పట్టుకుంది. గ్యాస్ నింపేముందు పైపుల్లోని గాలి, తేమ పంపుతో లాగేస్తాం కదా, ఆ వాక్యూమ్ ఏ గేజ్ చూసి తీస్తావురా?

పైపు మూతి వెడల్పు చేసే ఫ్లేరింగ్, నైట్రోజన్‌తో లీకు చూడటం నీకు వచ్చు. వాటి జోలికి పోను.

చిన్నప్పుడు ఉద్దానం బొండంలో స్ట్రా వేసుకుని, నీళ్లు పైకెలా వస్తున్నాయని అడిగేవాడివి. బయటి గాలి తోస్తేనే వస్తాయి. మానిఫోల్డ్ మీది, అంటే గొట్టాలు బిగించే వాల్వుల దిమ్మ మీది, నీలం గేజ్ కూడా బయటి గాలికీ లోపలి దానికీ ఉన్న తేడానే చెబుతుంది. దాని సున్నా అంటే బయటి గాలి. అబ్సల్యూట్ లెక్కలో సున్నా అంటే లోపల అసలేమీ లేకపోవడం. అందుకే పూర్తి వాక్యూమ్‌కి విజయనగరంలో ముల్లు 30 అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గరికొస్తే, 900 మీటర్ల ఎత్తున్న అరకులో 27 దగ్గరే ఆగుతుంది. అక్కడ పంపుని తిట్టుకోకు.

ఇక అందరూ చేసే తప్పు. ముల్లు 29కి రాగానే అయిపోయిందని పంపు కట్టేస్తారు. ఒరే, అప్పటికి లోపల ఇంకా సుమారు 23 మిల్లీమీటర్ల పాదరసం పీడనం ఉంటుంది. మిల్లీమీటర్లో వెయ్యో వంతు మైక్రాన్, అంటే 23,000 మైక్రాన్లు. మనకి కావలసింది 500! 30 డిగ్రీల వేడిలో నీళ్లు మరిగేది 32 మిల్లీమీటర్ల దగ్గర. అంటే ముల్లు 29కి వచ్చేసరికి పైపులో తేమ అప్పుడప్పుడే మరుగుతోంది, బయటికి పోలేదు. మిగతా పనంతా ముల్లు మందంలోనే జరుగుతుంది, కంటికి ఆనదు. ఆ తేమ ఉండిపోతే కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి ఆసిడ్ పుడుతుంది, మెల్లగా కంప్రెసర్ మోటారు వైండింగ్‌ని తినేస్తుంది.

డబ్బు చాలకపోతే షాపు బోర్డు చిన్నది పెట్టుకో, మైక్రాన్ గేజ్ మాత్రం కొను. అది అబ్సల్యూట్ చూపిస్తుంది. పంపు మూతికి తగిలించకు, అక్కడ అంకె ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. యూనిట్ వైపు పెట్టు. 500 కిందకి దిగాక పంపు వైపు వాల్వు మూసి, పంపు ఆపి, పది నిమిషాలు కదలకుండా చూడు. పెరిగి 1,500, 2,000 దగ్గర నిలబడితే తేమ, మళ్లీ పంపు వెయ్యి. ఆగకుండా పెరుగుతూ పోతే లీకు. గ్యాస్ వదిలేముందు గేజ్‌కి వెళ్లే వాల్వు కట్టెయ్యి, లేకపోతే సెన్సర్ పోవచ్చు.

సిరిమానుకి వస్తాను నాన్నా. వచ్చీ రాగానే పంపు ఆయిల్ అద్దమే చూస్తాను. పాలలా తెల్లబడితే తేమ పట్టినట్టే, ముందే మార్చి ఉంచు.

మీ మావయ్య