లా స్కూల్ ఫెయిర్‌కి వెళ్ళే ముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. గ్రీన్‌కార్డు ఉంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న మా అమ్మాయి తర్వాత లా చదువుతానంటోంది. న్యూయార్క్‌లో ఎల్‌శాక్ (లా స్కూల్ అడ్మిషన్ల పని చూసే సంస్థ) వాళ్ళు పెట్టే లా స్కూల్ ఫోరమ్‌కి నన్నూ తోడు రమ్మంది. అక్కడ ఏం అడగాలి? నాకు 51 ఏళ్ళు. ఫీజుల కోసం 401కె (ఉద్యోగంలో కూడబెట్టుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి డబ్బు తీద్దామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకే వస్తాను, చదవగానే నాకు టెన్షన్ పుట్టింది దానికే. 401కె జోలికి వెళ్ళకండి. 59½ ఏళ్ళు నిండకుండా తీస్తే ఆదాయపు పన్ను కాక మామూలుగా 10 శాతం పెనాల్టీ పడుతుంది. పిల్లల చదువుకని 401కెలో మినహాయింపు లేదు. ఆ డబ్బు మళ్ళీ కూడబెట్టేంత టైం మీకు లేదు. రేపు మీకు జరగకపోతే చూసుకోవాల్సింది కూడా ఆ అమ్మాయే కదా.

ఇక ఫోరమ్. ప్రవేశం ఉచితం. చాలా లా స్కూళ్ళ అడ్మిషన్ వాళ్ళు ఒకేచోట టేబుళ్ళు వేసుకుని కూర్చుంటారు. కొందరు అప్లికేషన్ ఫీజు మాఫీ కూడా ఇస్తారు, అమ్మాయిని మొహమాటపడకుండా అడగమనండి. పది స్కూళ్ళకు అప్లై చేసేవాళ్ళకు అది చిన్న మొత్తమేమీ కాదు.

అక్కడికి వెళ్ళే ముందు ఇంట్లో ఒక లెక్క వేసుకోండి. ఇదివరకు గ్రాడ్ ప్లస్ లోన్ కింద ఖర్చు ఎంతైతే అంత ఫెడరల్ అప్పు దొరికేది. 2025 జులైలో వచ్చిన చట్టం వల్ల 2026 జులై 1 నుంచి కొత్తగా లా స్కూల్లో చేరేవాళ్ళకు ఆ దారి మూసుకుపోయింది. ఇక ఏడాదికి 50 వేల డాలర్లే, అంటే మూడేళ్ళ జేడీకి (లా డిగ్రీకి) లక్షన్నర. పెద్ద ప్రైవేటు స్కూళ్ళలో ఫీజు, అద్దె, తిండి కలిపితే మూడేళ్ళకు 3 లక్షలు దాటుతోంది. మిగతా లక్షన్నరకు స్కాలర్‌షిప్ రావాలి, లేకపోతే ప్రైవేటు లోన్ తీసుకోవాలి. ప్రైవేటు లోన్‌కి చాలాసార్లు మిమ్మల్ని కో-సైన్ చేయమంటారు, అంటే అమ్మాయి కట్టలేకపోతే మీరు కట్టాలి. పైగా అమ్మాయి ప్రభుత్వ ఉద్యోగంలోనో, పబ్లిక్ డిఫెండర్‌గానో (లాయర్‌ను పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్) చేరితే, పదేళ్ళు కిస్తీలు కట్టాక మిగిలింది రద్దయ్యే పథకం ఫెడరల్ లోన్లకే వర్తిస్తుంది, ప్రైవేటు లోన్లకు కాదు.

అందుకే ప్రతి టేబుల్ దగ్గరా స్కాలర్‌షిప్ గురించి అడగాలి. అయితే "ఎంత ఇస్తారు?" అన్నదానికంటే "ఏ షరతు మీద ఇస్తారు?" అన్నది ముఖ్యం. కొన్ని స్కూళ్ళు మొదటి ఏడాది ఫలానా జీపీఏ (గ్రేడ్ల సగటు) నిలబెట్టుకుంటేనే స్కాలర్‌షిప్ కొనసాగిస్తాయి. వినడానికి తేలికగా ఉంటుంది, ఇప్పటిదాకా ఫస్టు వచ్చిన పిల్లలు అదెంత అనుకుంటారు. కానీ లా స్కూల్ మొదటి ఏడాది గ్రేడ్లు సాధారణంగా కర్వ్ మీద, అంటే తోటివాళ్ళతో పోల్చి వేస్తారు. మన దగ్గర 75 శాతం దాటిన వాళ్ళందరికీ డిస్టింక్షన్ వచ్చేది. ఇక్కడ అందరూ బాగా రాసినా సగం మంది మధ్య గీత కిందే ఉంటారు. అలా స్కాలర్‌షిప్ పోతే రెండో ఏడాది నుంచి పూర్తి ఫీజు మీద పడుతుంది.

దీన్ని వాళ్ళ మాట మీద వదిలేయనక్కర్లేదు. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపున్న ప్రతి స్కూలూ స్టాండర్డ్ 509 రిపోర్టు తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. షరతు మీద స్కాలర్‌షిప్ ఎంతమందికి ఇచ్చారో, అందులో ఎంతమందికి తగ్గించారో, తీసేశారో అందులో ఉంటుంది. నచ్చిన ఏడెనిమిది స్కూళ్ళవి ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి. చదువైన పది నెలలకు ఎంతమంది ఏ ఉద్యోగాల్లో ఉన్నారో చెప్పే రిపోర్టు కూడా వేరుగా ఉంటుంది, అదీ చూడండి. పెద్ద ఫర్మ్‌లలో మొదటి ఏడాది జీతం 2,25,000 డాలర్లని అందరూ చెబుతారు. ఆ ఉద్యోగాలు దొరికేది కొద్దిమందికే. మిగతా చాలామంది జీతాలు అందులో సగం కూడా ఉండవు.

అక్కడ మాట్లాడాల్సింది అమ్మాయే. మీరు పక్కనుండి నోట్ చేసుకోండి. న్యూజెర్సీ రాష్ట్ర యూనివర్సిటీ రట్గర్స్ టేబుల్ తప్పకుండా చూడండి. నువార్క్, కామ్డెన్ రెండుచోట్లా లా క్యాంపస్‌లున్నాయి, న్యూజెర్సీ నివాసులకు ఫీజు తక్కువ. నువార్క్ అయితే ఇంటి నుంచే వెళ్ళిరావచ్చు, అద్దె మిగులుతుంది.

మీ ఇంట్లో ఎవరి పేరునైనా 529 ఖాతాలో (చదువుల కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) డబ్బు మిగిలి ఉందేమో కూడా చూడండి. అది లా స్కూల్‌కి వాడుకోవచ్చు. తమ్ముడి పేరున ఉన్నా పన్ను పడకుండా అక్క పేరుకు మార్చుకోవచ్చు.